ఏ మెతుకు పట్టి చూడాలి?



అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తాం? గిన్నెలో అన్నం అంతా తిని చూడం కదా. ఒక్క మెతుకు తీస్తాం. వేళ్ళ మధ్య నొక్కుతాం. మెత్తగా నలిగితే అన్నం ఉడికినట్టే. అన్నానికంతకీ ఒక్క మెతుకు చాలు అని మన పెద్దలు చెప్తారు.

మీకు తెలియకుండానే మీరు రోజూ చేసే శాస్త్ర పరీక్ష ఇది. మీరు తీసిన ఆ మెతుకును శాస్త్రవేత్తలు 'నమూనా' అంటారు. నీళ్ళు మంచివా కావా, గాలిలో విషం ఉందా లేదా, పాలలో కల్తీ ఉందా లేదా అని వాళ్ళు చూసేది కూడా ఇలాగే. కొంచెం తీస్తారు. దాన్ని పరీక్షిస్తారు. మొత్తం సంగతి చెప్తారు.

కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. పెళ్ళి వంటలో పెద్ద గుండిగతో అన్నం వండుతారు. పైపైన ఒక మెతుకు చూసి దించేస్తే ఏమవుతుంది? పైన ఉడికి ఉంటుంది. నడుమ పలుకుగా ఉండవచ్చు. అడుగున మాడి ఉండవచ్చు. అందుకే వంట తెలిసినవాళ్ళు గరిటె లోపలికి పెట్టి, అక్కడా ఇక్కడా తీసి చూస్తారు. మెతుకు చూడడం ఒక్కటే చాలదు. ఏ మెతుకు చూశామన్నది ముఖ్యం.

ఈ చిన్న మాట మరిచిపోతే ఎంత నష్టం వస్తుందో మన విశాఖపట్నం 2020లో చూసింది. ఆ సంగతి ఈ పాఠంలో చదువుకుందాం. ముందుగా, కంటికి కనపడని రసాయనాలను ఎలా కనిపెడతారో తెలుసుకుందాం.

ముక్కు ఎంతవరకు చెప్తుంది?

రసాయనాలను కనిపెట్టే మొదటి పరికరం మన ముఖం మీదే ఉంది. అదే ముక్కు. పాలు విరిగితే ముక్కు చెప్తుంది. చేప చెడిపోతే ముక్కు చెప్తుంది. వంటగదిలో గ్యాసు లీకైతే కూడా ముక్కే చెప్తుంది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. వంటగ్యాసుకు తనకంటూ పెద్దగా వాసన ఉండదు. మరి లీకైనప్పుడు ఆ కుళ్ళు వాసన ఎక్కడిది? అది కావాలని కలిపినది. ఇథైల్ మెర్కాప్టన్ అనే రసాయనాన్ని అతి కొద్దిగా గ్యాసులో కలుపుతారు. లీకైతే మనకు వెంటనే తెలియాలని ఈ ఏర్పాటు. అంటే ఆ కంపు మనకు కాపలా కుక్క లాంటిది. మొరిగితే విసుక్కోకూడదు. లేచి చూడాలి.

అయితే ముక్కును నమ్మి ఊరుకోవచ్చా? ఊరుకోకూడదు. దానికి నాలుగు కారణాలు ఉన్నాయి.

ఒకటి. కొన్ని విషాలకు వాసనే లేదు. కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు అలాంటిదే. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ఈ వాయువే చంపుతుంది. మన ఉక్కు కర్మాగారం లాంటి చోట బ్లాస్ట్ ఫర్నేసు నుంచి కూడా ఈ వాయువు చాలా వస్తుంది. అందుకే ఉక్కు కర్మాగారాల్లో ఆ వైపు పనిచేసేవాళ్ళు చిన్న డబ్బా లాంటి పరికరాన్ని చొక్కాకు తగిలించుకుంటారు. వాయువు హద్దు దాటితే అది కూత పెడుతుంది.

రెండు. ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది. చేపల రేవుకు కొత్తగా వెళ్ళినవాళ్ళకు వాసన గట్టిగా కొడుతుంది. అక్కడే ఉండేవాళ్ళకు తెలియదు. విషవాయువైనా అంతే. కాసేపటికి వాసన తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. తగ్గింది గాలిలో విషం కాదు. మన ముక్కు పసే.

మూడు. ముక్కు 'ఏదో ఉంది' అని చెప్తుంది. 'ఎంత ఉంది' అని చెప్పలేదు.

నాలుగు. నిద్రపోయేవాళ్ళను వాసన సరిగ్గా లేపదు. ఇది పరిశోధనల్లో తేలిన విషయం. పెద్ద శబ్దం అయితే లేస్తాం. వాసనకు లేస్తామన్న నమ్మకం లేదు. ఈ నాలుగో మాట గుర్తు పెట్టుకోండి. మళ్ళీ అవసరం పడుతుంది.

పది లక్షల్లో ఒక్కటి

విషాలను కొలిచేవాళ్ళు తరచు 'పీపీఎం' అనే మాట వాడతారు. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక భాగం.

ఇది ఎంత చిన్నదో చూడండి. మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉందనుకోండి. అందులో ఒక్క మిల్లీలీటరు మందు వేశారు. అంటే ఇరవై చుక్కల దాకా. బాగా కలిపారు. ఇప్పుడు ఆ నీళ్ళలో మందు ఒక పీపీఎం ఉన్నట్టు.

ఇంత తక్కువ ఉంటే ఏమవుతుందిలే అనుకోకండి. పప్పులో ఉప్పు పీపీఎం లెక్కన ఉంటే నాలుకకు తెలియదు. కానీ సీసం లాంటి విషాలు ఒక్క పీపీఎం కంటే ఎంతో తక్కువ ఉన్నా తాగే నీళ్ళు పనికిరావు. కాబట్టి ముక్కు, నాలుక అందుకోలేనంత చిన్న లెక్కలు కొలవాలి. దానికే పరికరాలు.

కలిసినవాటిని విడదీయడం

గాలిలో ఒకటే పదార్థం ఉండదు. ఎన్నో కలిసి ఉంటాయి. అందులో మనకు కావలసినది ఏరాలి. బియ్యంలో రాళ్ళు ఏరడానికి చేట ఉంది. మరి గాలిలో విషాన్ని ఏరడానికి చేట ఏది?

మన కేంద్రంలోనే చేసి చూద్దాం. ఒక తెల్ల సుద్దముక్క తీసుకోండి. అడుగు నుంచి వేలెడు ఎత్తున నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీయండి. పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోయండి. గీత మునగకూడదు. సుద్దముక్కను అందులో నిలబెట్టండి. నీళ్ళు మెల్లగా పైకి పాకుతాయి. గీతను దాటుతాయి. కాసేపు ఆగి చూడండి. చాలా పెన్నుల్లో నల్ల సిరా విడిపోతుంది. ఒక చోట నీలం, ఒక చోట ఎరుపు, ఒక చోట పసుపు కనిపిస్తాయి.

ఎందుకలా? నలుపు ఒకే రంగు కాదు. కొన్ని రంగులు కలిపితే వచ్చింది. కొన్ని రంగులు సుద్దను గట్టిగా పట్టుకుంటాయి. అవి వెనకబడతాయి. కొన్ని వదులుగా ఉంటాయి. అవి నీళ్ళతో పాటు పైకి పోతాయి. అందుకే విడివిడిగా కనిపిస్తాయి.

సుమారు 120 ఏళ్ళ కిందట రష్యాలో త్వెత్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పనే చేశాడు. గాజు గొట్టంలో సుద్ద పొడి నింపాడు. పైనుంచి ఆకుల రసం పోశాడు. ఆకుపచ్చ, పసుపు రంగులు పట్టీలు పట్టీలుగా విడిపోయాయి. దీనికి ఆయన 'క్రొమటోగ్రఫీ' అని పేరు పెట్టాడు.

ఈనాడు గాలిని కూడా ఇలాగే విడదీస్తారు. దానికి సన్నటి గొట్టం ఉంటుంది. వెంట్రుకల్లా సన్నం. పొడవు మాత్రం 30 మీటర్ల దాకా ఉంటుంది. చుట్టలు చుట్టి పెడతారు. గాలి నమూనాను ఒక కొస నుంచి పంపుతారు.

ఆ గొట్టంలో ఏం జరుగుతుందో ఇలా ఊహించుకోండి. పది మంది ఆడవాళ్ళు ఒకేసారి పూర్ణా మార్కెట్‌లోకి వెళ్ళారు. ఒకావిడకు కొనేది ఏమీ లేదు. తిన్నగా అవతలికి వచ్చేసింది. ఇంకొకావిడ కూరల దగ్గర ఆగింది. మరొకావిడ ప్రతి గాజుల కొట్టు దగ్గరా ఆగింది. ఒకేసారి లోపలికి వెళ్ళినా ఒకరి తర్వాత ఒకరు బయటికి వస్తారు. గొట్టంలో రసాయనాలు కూడా అంతే. ఏది ఎన్ని నిమిషాలకు బయటికి వచ్చిందో చూసి, అది ఏదై ఉంటుందో పోల్చుకుంటారు.

బయటికి వచ్చిన తర్వాత ఇంకో పరీక్ష ఉంది. ఆ రసాయనాన్ని ముక్కలు చేస్తారు. ముక్కల బరువు తూస్తారు. జంతిక విరిగిన తీరు వేరు, అప్పడం విరిగిన తీరు వేరు. కళ్ళు మూసుకుని ముక్కలు తడిమినా ఏది ఏదో మీరు చెప్పేస్తారు. ఈ పరికరం కూడా ముక్కలను బట్టి 'ఇది ఫలానా రసాయనం' అని చెప్పేస్తుంది. నేరాల పరిశోధనలో, మందుల ఫ్యాక్టరీలో, కాలుష్యం పరీక్షల్లో ఈ రెండు పరికరాలనూ కలిపి వాడతారు.

మంట రంగు చెప్పే సంగతి

ఉప్పు వేసిన పప్పు పొంగి గ్యాసు పొయ్యి మీద పడితే ఏమవుతుంది? నీలం మంట కాస్తా పసుపుగా మారుతుంది. మీరంతా చూసే ఉంటారు. ఉప్పులో సోడియం ఉంది. సోడియం మంటలో పడితే పసుపు రంగు ఇస్తుంది. రాగి అయితే ఆకుపచ్చ మంట ఇస్తుంది. ప్రతి మూలకానికీ తనదైన వెలుగు ఉంది. ఇది వేలిముద్ర లాంటిది. ఒకరిది ఇంకొకరికి ఉండదు.

ఈ పద్ధతికి మన తెలుగు నేలతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఉన్న వెలుగును పరికరంతో రంగు గీతలుగా విడదీసి చూశాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో కనిపించిన ఒక పసుపు గీత, అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేలింది. ఆ కొత్త మూలకమే హీలియం. భూమి మీద ఎవరూ చూడకముందే సూర్యుడిలో దాని జాడ దొరికింది.

ఉక్కు తయారీలోనూ ఇదే పద్ధతి. కరిగిన ఉక్కు నుంచి చిన్న ముద్ద తీస్తారు. దాని మీద కరెంటు నిప్పురవ్వ పుట్టిస్తారు. వచ్చిన వెలుగును పరికరం చదువుతుంది. కార్బన్ ఎంత, గంధకం ఎంత, మాంగనీసు ఎంత అని కొద్ది నిమిషాల్లోనే లెక్క చెప్తుంది. ఉక్కుకు కూడా మెతుకు పట్టి చూడడమే మరి!

చిన్నవవుతున్న పరికరాలు

పెద్ద పరికరాలు ప్రయోగశాలలోనే ఉంటాయి. నమూనా అక్కడికి వెళ్ళాలి. జవాబు రావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. విషవాయువు అంతసేపు ఆగదు కదా. అందుకే పరికరాలను చిన్నవి చేయాలని ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు సాగుతున్నాయి.

1982లో ఇంగ్లండులో పెర్సాడ్, డాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'ఎలక్ట్రానిక్ ముక్కు'ను తయారుచేశారు. అందులో ఒకటి కాదు, కొన్ని సెన్సర్లు కలిసి పనిచేస్తాయి. సెన్సర్ అంటే పసిగట్టే ముక్క. ఒక్కో వాసనకు ఆ సెన్సర్లు ఒక్కో తీరుగా స్పందిస్తాయి. ఆ తీరును బట్టి వాసనను పోల్చుకుంటారు. ఇప్పుడు ఇలాంటి సెన్సర్లు చొక్కా గుండీ అంత చిన్నవి కూడా వచ్చాయి. వాటి లెక్కలు చదవడానికి కంప్యూటర్లకు నేర్పిస్తున్నారు.

ఇంకో దారి కాగితం. 2007లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్‌సైడ్స్ అనే శాస్త్రవేత్త బృందం కాగితం మీదే పరీక్ష జరిగేలా చేసింది. చుక్క వేస్తే రంగు మారుతుంది. గర్భ పరీక్ష పట్టీ, చక్కెర వ్యాధి పట్టీ మీకు తెలిసినవే. అలాగే నీళ్ళలో విషాలు చూసే పట్టీల మీద కూడా పరిశోధనలు జరుగుతున్నాయి. ఖర్చు తక్కువ. కరెంటు అక్కరలేదు. రంగు చూడగలిగినవాళ్ళు ఎవరైనా చేయవచ్చు.

చేతిలో పట్టుకుని గాలిని కొలిచే పరికరాలు కూడా ఉన్నాయి. వాటిలో కంటికి కనపడని వెలుగునిచ్చే దీపం ఒకటి ఉంటుంది. గాలిలో రసాయనపు ఆవిరి ఉంటే ఆ వెలుగు తగిలి చిన్న కరెంటు పుడుతుంది. అంకె పైకి లేస్తుంది.

మరి ఇన్ని పరికరాలు ఉన్న కాలంలో మన విశాఖలో అంత ప్రమాదం ఎలా జరిగింది?

2020 మే 7 తెల్లవారుజాము

గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం ఉంది. అక్కడ ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఫ్యాక్టరీ 1961లో వేరే పేరుతో మొదలైంది. 1997లో కొరియా దేశపు ఎల్.జి. సంస్థ తీసుకుంది. థర్మాకోల్, ప్లాస్టిక్ వస్తువుల తయారీకి కావలసిన ముడిసరుకు అక్కడ చేసేవారు. దానికి 'స్టైరీన్' అనే ద్రవం కావాలి. ఆ ద్రవాన్ని పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిల్వ ఉంచేవారు.

స్టైరీన్‌కు ఒక గుణం ఉంది. వెచ్చగా ఉంటే దాని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టిపడతాయి. పాలు వెచ్చగా ఉంటే తొందరగా తోడుకున్నట్టు అనుకోండి. అయితే స్టైరీన్ గట్టిపడేటప్పుడు వేడి కూడా పుడుతుంది. ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఇలా పెరిగి పెరిగి చివరికి మరిగిపోతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి. గట్టిపడకుండా టీబీసీ అనే మందు కలుపుతూ ఉండాలి.

2020 మార్చి చివరి నుంచి కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్. ఫ్యాక్టరీ మూతపడింది. స్టైరీన్ మాత్రం ట్యాంకులో అలాగే ఉంది. ఎండలు ముదిరాయి. మే 7న, అందరూ గాఢనిద్రలో ఉన్న వేళ, ఒక ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. ఇళ్ళ మీదికి పాకింది. కొందరు నిద్రలోనే స్పృహ తప్పారు. కొందరు పిల్లలను ఎత్తుకుని పరుగెత్తుతూ రోడ్డు మీద పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. వందల మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, ఇతర ఆసుపత్రులకు తీసుకువెళ్ళారు. పశువులు చచ్చిపోయాయి.

రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత స్థాయి కమిటీ వేసింది. 2020 జులైలో కమిటీ నివేదిక ఇచ్చింది. అందులో మన పాఠానికి కావలసిన మాటలు ఉన్నాయి.

ఆ ట్యాంకులో వేడిని కొలిచే పరికరం ఉంది. కానీ అది అడుగున మాత్రమే ఉంది. ఎండాకాలం చెరువులో దిగితే ఎలా ఉంటుంది? పై నీళ్ళు వెచ్చగా ఉంటాయి. కాళ్ళ దగ్గర చల్లగా ఉంటాయి. ట్యాంకులోనూ అదే జరిగింది. అడుగున చల్లగా ఉంది. నడుమ, పైన వేడెక్కిపోయింది. పైది కిందికి, కిందిది పైకి సరిగ్గా కలవలేదు. అడుగున ఉన్న పరికరం అబద్ధం చెప్పలేదు. తన చోటు సంగతి అది నిజమే చెప్పింది. కానీ ఆ చోటు ట్యాంకంతా కాదు.

గట్టిపడకుండా కలపాల్సిన టీబీసీ మందు ఫ్యాక్టరీలో నిల్వ లేదు. ట్యాంకులో సరుకు గట్టిపడుతున్న గుర్తు ముందు చేసిన పరీక్షల్లోనే కనిపించింది. అయితే దాన్ని సరుకు నాణ్యత లెక్కగానే చూశారు. ప్రమాదానికి హెచ్చరికగా చూడలేదు. ఇక ప్రమాదం జరిగిన వేళ ఊరిని లేపే సైరన్ మోగలేదు. ముక్కు గురించి చెప్పిన నాలుగో మాట గుర్తుందా? వాసన నిద్ర లేపదు. శబ్దం లేపుతుంది. ఆ శబ్దమే రాలేదు.

తర్వాత టీబీసీ మందును గుజరాత్ వైపు నుంచి విమానంలో తెప్పించారు. విశాఖలో మిగిలిన స్టైరీన్, దాదాపు 13,000 టన్నులు, ఓడల మీద కొరియాకు పంపించేశారు. పోయిన ప్రాణాలను ఏ ఓడా తిరిగి తేలేదు.

మూడు ప్రశ్నలు

దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఎవరైనా "పరీక్ష చేశాం, అంతా బాగానే ఉంది" అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఎక్కడ కొలిచారు? ట్యాంకులో అడుగున ఒక చోటా, పైన నాలుగు చోట్లా? ఫ్యాక్టరీ గేటు దగ్గరా, మా వీధిలోనా? నీళ్ళను ట్యాంకు దగ్గర పరీక్షించారా, మా కుళాయి దగ్గరా? ఓడరేవు దగ్గర ఉండేవాళ్ళకు బొగ్గు దుమ్ము బాధ తెలుసు. కిటికీ మీద నల్లగా పేరుకుంటుంది. దుమ్మును కొలిచే పరికరం దూరంలో ఉంటే అది ఆ దూరపు గాలి సంగతే చెప్తుంది.

రెండో ప్రశ్న: ఎప్పుడు కొలిచారు? పగలు కొలిస్తే రాత్రి సంగతి తెలియదు. గాలి ఎటు వీస్తున్నప్పుడు కొలిచారన్నది కూడా ముఖ్యమే. మన ఒంటి విషయంలోనూ కాలం ముఖ్యం. స్టైరీన్ పీల్చినవాళ్ళ మూత్రంలో మాండెలిక్ ఆమ్లం అనే పదార్థం కనిపిస్తుంది. కానీ కొన్ని రోజుల్లో అది బయటికి పోతుంది. ఆలస్యంగా పరీక్ష చేస్తే 'ఏమీ లేదు' అని వస్తుంది. దాని అర్థం అసలు పీల్చలేదని కాదు.

మూడో ప్రశ్న: కొలిచి ఎవరికి చెప్పారు? కొలత పుస్తకంలో ఉండిపోతే ఎవరినీ కాపాడదు. అంకె పెరిగితే ఎవరు చూడాలి? ఎవరు సైరన్ వేయాలి? సైరన్ వింటే జనం ఎటు వెళ్ళాలి? ఇవన్నీ ముందే తేలాలి.

ఇంకో చిన్న మాట. కొట్లో తక్కెడ సరిగ్గా ఉందా అని చూస్తాం కదా. పరికరాలను కూడా తెలిసిన కొలతతో అప్పుడప్పుడు సరిచూడాలి. చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడగడం తప్పు కాదు.

అడిగే హక్కు మనకు ఉంది

1984లో భోపాల్‌లో విషవాయువు వేల మందిని చంపింది. ఆ తర్వాత చట్టాలు మారాయి. ప్రమాదకర రసాయనాల గురించి 1989లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అలాంటి రసాయనాలు పెద్ద ఎత్తున ఉంచే ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు, ప్రమాదం ఏమిటో, జరిగితే ఏం చేయాలో ముందే తెలియజేయాలి.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ప్రభుత్వ కార్యాలయంలో ఉన్న లెక్కలు మనం అడిగి తీసుకోవచ్చు. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరికపు గీతకు దిగువన ఉన్నవాళ్ళు రుసుము కట్టనక్కరలేదు. ఆ కార్డు నకలు జత చేయాలి.

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. అర్జీ ఇలా రాయవచ్చు.

ప్రజా సమాచార అధికారి గారికి,
ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, విశాఖపట్నం.

అయ్యా / అమ్మా,
సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం ఈ వివరాలు ఇప్పించగలరు.
1. మా వీధి దగ్గర గాలిని ఏ చోట కొలుస్తున్నారు?
2. గత ఏడాది ఏ ఏ తేదీల్లో కొలిచారు? ఎంత వచ్చింది?
3. కొలత హద్దు దాటినప్పుడు ఎవరికి తెలియజేశారు?

ఇట్లు,
మీ పేరు, చిరునామా, తేదీ, సంతకం.

చూశారా? పైన చదివిన మూడు ప్రశ్నలే ఇవి. వేలిముద్ర చోట మీ సంతకం పెట్టండి.

విషవాయువు వస్తే ఏం చేయాలి?

ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి. తీగ మీద ఆరేసిన చీర ఎటు ఎగురుతోందో చూస్తే తెలుస్తుంది. గాలితో పాటు పరుగెత్తకండి. విషం కూడా అటే వస్తుంది. గాలికి అడ్డంగా, పక్కకు వెళ్ళి ఆ దారి నుంచి తప్పుకోండి.

స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు. నేలను పట్టుకుని పాకుతుంది. పల్లంలోకి, కాలువల్లోకి దిగకండి. మెరక వైపు వెళ్ళండి.

తడిగుడ్డ ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకోండి. అది కొంత మేలు. అదే కాపాడుతుందని అక్కడే ఉండిపోకండి.

వెళ్తూ వెళ్తూ గట్టిగా అరిచి పక్కవాళ్ళను లేపండి. పళ్ళెం మోగించండి. 112కి గానీ, అంబులెన్సు కోసం 108కి గానీ, అగ్నిమాపక దళం కోసం 101కి గానీ ఫోన్ చేయండి.

తిరిగి వచ్చాక మూత లేని అన్నం, కూర, నీళ్ళు పారబోయండి. అధికారులు సరేనన్న తర్వాతే బావి నీళ్ళు వాడండి.

వంటగ్యాసు వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. లైటు స్విచ్ వేయకండి, తీయకండి. అగ్గిపుల్ల గీయకండి. బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

కొత్త మాటలు

నమూనా: పరీక్ష కోసం తీసిన కొద్ది భాగం.
పీపీఎం: పది లక్షల్లో ఒక భాగం.
సెన్సర్: పసిగట్టే ముక్క.
క్రొమటోగ్రఫీ: కలిసినవాటిని విడదీసి చూసే పద్ధతి.

కలిసి మాట్లాడుకోండి

1. వంటగ్యాసుకు వాసన ఎందుకు కలుపుతారు?
2. ట్యాంకు అడుగున పరికరం ఉన్నా ప్రమాదం ఎందుకు తెలియలేదు?
3. మీ ఇంటికి దగ్గరలో ఏ ఏ ఫ్యాక్టరీలు, గోదాములు ఉన్నాయి? వాటిలో ఏం నిల్వ ఉంటుందో మీకు ఎవరైనా చెప్పారా?
4. మీ వీధిలో సైరన్ వినబడుతుందా? వినబడితే ఎటు వెళ్ళాలో పిల్లలకు తెలుసా?

నాలుగో ప్రశ్నకు జవాబు 'తెలియదు' అయితే ఇవాళే ఇంటికి వెళ్ళి పిల్లలకు మెరక దారి చూపించండి. తర్వాత అందరూ కలిసి కూర్చుని అర్జీ రాయండి.